రేటింగ్ చూసి వద్దనుకున్న బడి, నాలుగేళ్ల తరువాత

2021 వేసవిలో మేం డాలస్ దగ్గర ఇల్లు వెతుక్కుంటుంటే తెలిసినవాళ్లంతా ముందు అడిగింది ఒకటే, "స్కూల్ రేటింగ్ ఎంత?" అని. ఫ్రిస్కోలో, కొప్పెల్‌లో బళ్లు బాగున్న చోట అద్దెలు మాకు అందలేదు. అందిన ఇంటికి దగ్గరి ఎలిమెంటరీ బడికి ఇళ్లు చూసే యాప్‌లో పదికి అయిదు, రాష్ట్రం ఇచ్చిన గ్రేడు సీ. రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. మా ఆయన మాత్రం ఆఫీసు దగ్గర, అద్దె మనకి సరిపోతుంది, ఒక ఏడాది చూద్దాం అన్నారు. పాపని రెండో తరగతిలో చేర్చాం, 2025 మే నెలలో అక్కడే అయిదు పూర్తి చేసింది. ఇప్పుడు ఇటువైపు ఇల్లు చూసుకుంటున్న మనవాళ్లు అదే ప్రశ్న నన్ను అడుగుతున్నారు కాబట్టి నాలుగేళ్లలో చూసింది చూసినట్టు రాస్తున్నా. ఐదు స్టార్లకి నేను నాలుగు ఇస్తాను. ఆ ఒకటి ఎందుకు తగ్గించానో కూడా చెబుతాను.

టెక్సస్‌లో మూడో తరగతి నుంచి పిల్లలు ఏటా వసంతంలో స్టార్ (STAAR) అనే రాష్ట్ర పరీక్ష రాస్తారు. రీడింగ్, మ్యాథ్స్ ప్రతి ఏడాదీ, అయిదులో సైన్స్ కూడా. ఫలితం కింది నుంచి పైకి నాలుగు మెట్లలో వస్తుంది: డిడ్ నాట్ మీట్ (అందుకోలేదు), అప్రోచెస్ (దగ్గరికొచ్చింది), మీట్స్ (అందుకుంది), మాస్టర్స్ (పూర్తి పట్టు). బడి లెక్క ఎలా వేస్తారంటే, అప్రోచెస్ దాటినవాళ్ల శాతం, మీట్స్ దాటినవాళ్ల శాతం, మాస్టర్స్ చేరినవాళ్ల శాతం మూడూ కలిపి మూడుతో భాగిస్తారు. ఉదాహరణకి 80, 50, 20 అయితే సగటు 50. అంటే మాస్టర్స్ తెచ్చుకున్న ఒక్క పాప మూడు చోట్లా లెక్కలోకి వస్తుంది, అట్టడుగు నుంచి అప్రోచెస్‌కి ఎక్కిన పిల్లాడు ఒక్క చోటే వస్తాడు, ఆ మెట్టు ఎక్కించడానికి టీచరు ఎంత కష్టపడిందో ఇందులో కనపడదు. దాని కోసం ప్రోగ్రెస్ అని ఇంకో మార్కు ఉంది. ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి 70 శాతం, వెనకబడిన పిల్లలకీ మిగతావాళ్లకీ మధ్య తేడా ఎంత తగ్గించారన్న దానికి 30 శాతం, అలా చివరికి ఒక అక్షరం తేలుతుంది. మనం చూసేది ఆ అక్షరమే. రాష్ట్రం వెబ్‌సైట్‌లో బడి పేజీ తెరిచి ప్రోగ్రెస్ మార్కు విడిగా చూడండి, నేను అది రెండేళ్ల తరువాత చూశాను, ముందే చూసి ఉంటే ఆ రెండు రాత్రులూ హాయిగా పడుకునేదాన్ని.

ఇంకో సంగతి. నేను అంతగా భయపడిన ఆ సీ 2019 నాటిది. కోవిడ్ వల్ల 2020, 2021లో అసలు గ్రేడులే ఇవ్వలేదు. 2022లో ఇచ్చారు. తరువాత బళ్లు నడిపే స్కూల్ డిస్ట్రిక్టులు కోర్టుకి వెళ్లడంతో 2023 గ్రేడులు 2025 ఏప్రిల్‌లో, 2024వీ 2025వీ కలిపి ఆగస్టులో బయటికొచ్చాయి. మా పాప మూడు, నాలుగు, అయిదు చదివిన మూడేళ్లలో రెండేళ్ల గ్రేడులు అది బడి వదిలాకే తెలిశాయన్నమాట.

పాప క్లాసులో సగం మంది ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు. కిందటేడే ఈ దేశం వచ్చిన పిల్లలూ ఉన్నారు. అయిదో తరగతి దాకా స్టార్ స్పానిష్‌లో రాసే వీలుంది, మన తెలుగు పిల్లలకి ఆ వీలు లేదు. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లకి ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, అందులో తక్కువ వస్తే టెల్పాస్ అని ఏటా మరో పరీక్ష రాయాలి. ఆ భయంతో చాలామంది ఇంగ్లిష్ అని రాసేస్తారు. మేం తెలుగు అనే రాశాం. రోజూ అరగంట నలుగురైదుగురు పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి చదివించే టీచరు దొరికింది, నరసరావుపేట నుంచి వచ్చి ఏడాది కూడా కాని పిల్లకి ఆ అరగంట నిజంగా కలిసొచ్చింది. దయచేసి ఉన్నది ఉన్నట్టు రాయండి.

2023లో మూడో తరగతి స్టార్. పరీక్ష మార్చి, ఆన్‌లైన్ చేసి, రాతగా జవాబివ్వాల్సిన ప్రశ్నలు పెంచిన మొదటి ఏడాది అదే. పాపకి మ్యాథ్స్ అప్రోచెస్, రీడింగ్ కూడా అప్రోచెస్. నాలుగులో మ్యాథ్స్ మీట్స్ వచ్చింది, రీడింగ్ కదల్లేదు. జూన్‌లో ఫలితం రాగానే బడి ఇచ్చిన కోడ్‌తో రాష్ట్ర పోర్టల్‌లోకి వెళ్లాను. చాలామందికి తెలియదు కానీ, అక్కడ మొత్తం స్కోరే కాదు, ఏ ప్రశ్నకి పిల్ల ఏం రాసిందో అక్షరం పొల్లుపోకుండా కనపడుతుంది. ఒక పెద్ద వ్యాసం ప్రశ్నకి పాప ఎనిమిది వరుసలు రాసింది, స్పెల్లింగు తప్పుల్లేవు, కథ మొత్తం చక్కగా చెప్పింది. పక్కన సున్నా. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. 2024 వసంతం స్టార్‌లో ఈ రాత జవాబులు ఎక్కువగా కంప్యూటరే దిద్దింది కాబట్టి మెషీన్ తప్పేనని ఇంట్లో వాదించుకున్నాం కూడా.

ఆగస్టులో అయిదో తరగతి టీచరుకి ఆ పేజీ ప్రింటు తీసుకెళ్లి చూపించాను. ఆవిడ ఒక నిమిషం చదివి, "అడిగింది కథ కాదండీ, ఆ పాత్ర ఎందుకు మారిందో, దానికి కథలో ఆధారం ఏమిటో అడిగారు" అన్నారు. విషయానికి సున్నా పడితే భాషకి ఇచ్చే మార్కులు కూడా వాటంతట అవే సున్నా అవుతాయట. పసుపు హైలైటరుతో చెప్పదలచిన మాట, ఆకుపచ్చతో కథలోంచి తెచ్చిన ఆధారం గీయించడం మొదలుపెట్టారు. సెప్టెంబరు అంతా ఇంట్లో పుస్తకాల నిండా ఆకుపచ్చ గీతలే. 2025లో రీడింగ్ మీట్స్, మ్యాథ్స్ మాస్టర్స్, సైన్స్ మీట్స్. సీ గ్రేడు చూసి వద్దనుకున్న బడిలో ముప్ఫై ఏళ్లుగా పాఠం చెబుతున్న మనిషి ఆవిడ, ఆ సంగతి ఏ యాప్‌లోనూ ఉండదు.

ఇక అయిదు స్టార్లలో నేను తగ్గించిన ఆ ఒక్కటి. ఫిబ్రవరి మొదలవగానే బడి వాతావరణమే మారిపోతుంది. బెంచ్‌మార్క్ పరీక్ష, దాని మీద మరో నమూనా పరీక్ష, శుక్రవారం ఇంకోటి. సోషల్ స్టడీస్ దాదాపు ఆగిపోతుంది, ఎందుకంటే అది ఎలిమెంటరీలో స్టార్‌లో లేదు. నాలుగో తరగతి మార్చిలో పాప పొద్దున్నే కడుపునొప్పి అనేది, శనివారం నొప్పి ఉండేది కాదు. డాక్టరుకి చూపించాకే అది టెన్షన్ అని మాకు అర్థమైంది. బడికి వెళ్లి మాట్లాడితే ఆఫీసులో మర్యాదగానే విన్నారు, మార్చింది మాత్రం ఏమీ లేదు. ఈ పరీక్ష పోతే పిల్లని అదే తరగతిలో ఆపేస్తారని క్లాసులో ఎవరో చెప్పారట, మా పాప అది నిజమనే నమ్మింది. ఆ నిబంధన అయిదో తరగతికి కూడా 2021లోనే తీసేశారు, ఇప్పుడు పోయినా అదనంగా చదివిస్తారు అంతే. ఆ ఒక్క మాట బడివాళ్లు పిల్లలకి ముందే చెప్పి ఉండాల్సింది. మీరు మాత్రం ఇంట్లో తప్పకుండా చెప్పండి.

మిగతావి బాగానే ఉన్నాయి. లైబ్రరీ చాలా బాగుంటుంది, పికప్ లైను మాత్రం మొదటి రెండు వారాలు నరకం, కాస్త ముందే వెళ్లండి.

పక్క పేట మారి రేటింగ్ ఎక్కువ ఉన్న బడికి వెళ్లే ఆలోచన 2025లో మాకూ వచ్చింది, ఇప్పుడు ఆ అద్దె కట్టగలం కూడా. వెళ్లలేదు. అదే ఆగస్టులో పాప తమ్ముణ్ణి అదే బడిలో కిండర్‌గార్టెన్‌లో చేర్చాం. స్టార్ తీసేసి ఏడాదికి మూడు చిన్న పరీక్షలు పెట్టే చట్టం 2025లో వచ్చింది, 2027-28 నుంచి అమలు. వాడు మూడుకి వచ్చేసరికి అవే ఉంటాయి. అక్క ఆకుపచ్చ హైలైటర్లు రెండు మిగిలాయి, వాడి బ్యాగులో వేశాను, బొమ్మలకి రంగులేసుకుంటున్నాడు.