సూడోమోనాస్, బాసిల్లస్: మిర్చి వేరుకి సరే, కాయకి కాదు

మాది గుంటూరు పక్కన ప్రత్తిపాడు వైపు. నల్లరేగడి, మిర్చి సాగు. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ పొడి, బాసిల్లస్ సబ్టిలిస్ ద్రవం ఏళ్ళ తరబడి వాడుతున్నాను. రెండూ తెగుళ్ళని అడ్డుకునే బాక్టీరియా మందులు. నారుమడికీ వేరుకీ అయితే కొనండి. కాయకుళ్ళుకి పిచికారీ చేద్దామనుకుంటే మాత్రం ఆ డబ్బు మిగుల్చుకోండి.

దీని పనితనం కనబడేది నారుమడిలోనే. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ మొహం చూపించకపోతే నారుకుళ్ళు దిగుతుంది. ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది, మొదలు మాత్రం నీరుపట్టి దారంలా సన్నబడి మొక్క పక్కకి వాలిపోతుంది. ఒకచోట మొదలైతే మర్నాటికి గుండ్రంగా మడి ఖాళీ. హైబ్రిడ్ విత్తనం పది గ్రాముల ప్యాకెట్ ఎంతో తెలిసినవాళ్ళకి ఆ గుండ్రం ఖరీదు విడిగా చెప్పక్కర్లేదు. మాగిన పశువుల ఎరువులో పొడి కలిపి, తడి గోనెపట్టా కప్పి, కొన్నాళ్ళు నీడలో మగ్గబెట్టి చల్లిన మళ్ళలో ఈ ఖాళీలు బాగా తగ్గాయి. నీళ్ళు నిలిచే పల్లపు మూల మాత్రం ఇప్పటికీ పోతుంది. అక్కడికి ఎత్తు మడే మందు.

పొలంలో ఎండు తెగులుకీ మొదలుకుళ్ళుకీ ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రానికి చెప్పే కొలతే పాటిస్తాను. ఎకరానికి 2 కిలోల సూడోమోనాస్ పొడి, 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి. అప్పటికే వడలిపోయిన మొక్కని ఇది బతికించదు. అలాంటి మొక్కని పీకి మొదలు దగ్గర నిలువునా చీల్చి చూడండి, లోపల గోధుమరంగు చార పైదాకా పాకి ఉంటుంది. శిలీంధ్రం మొక్క లోపలికి వెళ్ళిపోయింది, వేరు బయట పోసిన బాక్టీరియా ఇంకేం చేస్తుంది? పక్క మొక్కల మొదళ్ళలో పోయండి, అవి నిలుస్తాయి.

ఎందుకలా అంటే, మా మేనకోడలు బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివేటప్పుడు విడమర్చి చెప్పింది. ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం శిలీంధ్రం కణాల గోడలో కైటిన్, గ్లూకాన్ ఉంటాయి. రొయ్య పెంకులో ఉండేదీ ఆ కైటినే. బాసిల్లస్, స్ట్రెప్టోమైసిస్ లాంటి మట్టి బాక్టీరియాల్లో చాలా రకాలు కైటినేజ్, గ్లూకనేజ్ అనే ఎంజైములు వదిలి ఆ గోడని కరిగిస్తాయి. గాజుపళ్ళెంలో ఒకపక్క శిలీంధ్రం, ఒకపక్క బాక్టీరియా పెంచి చూపించింది. బూజు అంచు కొంతదూరం వచ్చి ఆగిపోయింది, మధ్యలో ఖాళీ పట్టీ. ఆ పట్టీ ఒక్క ఎంజైముల పనే కాదట, బాసిల్లస్ వదిలే ఇటురిన్, ఫెంజిసిన్ లాంటి విషాలూ ఉంటాయట. నారుకుళ్ళు తెచ్చే పిథియం లెక్క వేరు. దాని గోడలో ఎక్కువగా సెల్యులోజ్, గ్లూకాన్ కాబట్టి కైటినేజ్‌తో పెద్దగా పని జరగదు. అక్కడ సూడోమోనాస్ ముందే వేరుని ఆక్రమించి, మట్టిలో ఇనుముని తనవైపు లాక్కుని శత్రువుని ఆకలితో మాడుస్తుంది. అందుకే ముందే వెయ్యాలి. తెగులు కనబడ్డాక పరిగెత్తుకెళ్ళి కొని పోసి, పనిచెయ్యలేదని తిట్టేవాళ్ళు మా ఊళ్ళో బోలెడుమంది.

కాయకుళ్ళు మీద పిచికారీ కూడా చేసి చూశాను. ఎండకీ ఆరుదలకీ సూడోమోనాస్ ఆకు మీద నిలవదు. కాయ పండే రోజుల్లో మంచుకి తోడు వాన తగిలిందంటే అజాక్సీస్ట్రోబిన్ లాంటి రసాయన మందుకే పోతాను. తామర పురుగుకీ వైరస్‌కీ దీనికీ సంబంధమే లేదు, షాపువాడు ఏం చెప్పినా సరే.

కలపడంలో జాగ్రత్త. కాపర్ ఆక్సీక్లోరైడ్, స్ట్రెప్టోసైక్లిన్ బాక్టీరియాని చంపేవే. వాటిని పోసిన మొదట్లోనే దీన్నీ పోస్తే సుద్దపొడి పోసినట్టే. కార్బెండజిమ్ శిలీంధ్రాలని చంపే మందు, ట్రైకోడెర్మాని దెబ్బతీస్తుంది గానీ వీటిని పెద్దగా ఏమీ చెయ్యదు. డ్రమ్ములో బెల్లం వేసి పెంచుకుంటే చవక అంటారు. మూత తీస్తే కుళ్ళు కంపు కొట్టే డ్రమ్ములో పెరిగింది సూడోమోనాసో, ఇంకేదో ఎవడు చూశాడు? నేనైతే పొయ్యను.

ఇక గుంటూరులో బయో మందుల సంగతి తెలిసిందే. బయో అని పేరు పెట్టి లోపల రసాయనం కలిపి అమ్మే సరుకు ఈ చుట్టుపక్కల చాలానే దొరికింది. పోసిన రెండో రోజుకే తెగులు మాయమైందంటే సంతోషించకండి, అనుమానించండి. ప్యాకెట్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, స్ట్రెయిన్ (ఆ బాక్టీరియాలో ఏ రకమో) పేరు, గ్రాముకి ఎన్ని జీవకణాలో, తయారీ తేదీ ఉండాలి. సూడోమోనాస్‌కి సిద్ధబీజాలు (గట్టి పొరలో నిద్రపోయే రూపం) ఉండవు, వేడికి చచ్చిపోతుంది. రేకుల గోడౌన్‌లో మన మే నెల గడిపిన పొడి, గడువు తేదీ ఇంకా ఉన్నా, పేరుకే మందు. ఒక షాపులో పాత తేదీ మీద కొత్త స్టిక్కర్ అంటించి ఇచ్చారు, గోరుతో గీకితే ఊడొచ్చింది. బాసిల్లస్‌కి సిద్ధబీజాలుంటాయి కాబట్టి వేడికి తట్టుకుంటుంది. ఆగస్టులో వెళ్ళినప్పుడు ఏప్రిల్ సూడోమోనాస్ తప్ప లేదంటే, సగం ధరకిచ్చినా వద్దని బాసిల్లస్ తెచ్చుకుంటాను.