సెల్ఫ్ డైరెక్టెడ్ ఐఆర్‌ఏతో అద్దె ఇల్లు: ఏళ్లపాటు వాడాక

ఐఆర్‌ఏ అంటే అమెరికాలో మన పేరున తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా; సెల్ఫ్ డైరెక్టెడ్ అయితే అందులోని డబ్బుతో ఇల్లు లాంటి ఆస్తులు కూడా కొనొచ్చు. ఇలా రిటైర్మెంట్ డబ్బుతో అద్దె ఇల్లు కొనే పద్ధతి అందరికీ కుదరదు. అప్పు లేకుండా కొని, కొన్నాక కూడా ఖాతాలో నగదు మిగిలేవాళ్లకే ఇది సరిపడుతుంది. ఏళ్ల తరబడి వాడాక ఈ మాట గట్టిగా చెప్పగలను.

ముందు ఇలాంటి ఆస్తులను ఒప్పుకునే కస్టోడియన్ (ఐఆర్‌ఏను మీ తరఫున చూసుకునే సంస్థ) దగ్గర ఖాతా తెరవాలి. పాత కంపెనీ 401(కె), అంటే ఉద్యోగం ద్వారా వచ్చే రిటైర్మెంట్ ఖాతా డబ్బును డైరెక్ట్ రోలోవర్‌గా, మీ చేతికి రాకుండా నేరుగా రప్పించాలి. చెక్కు మీ పేరున రాయించుకుంటే 20 శాతం పన్ను కింద పట్టుకుంటారు. కొనుగోలు ఒప్పందం, రిజిస్ట్రేషన్ రెండూ మీ ఐఆర్‌ఏ తరఫున కస్టోడియన్ పేరున ఉండాలి. బయానా కూడా ఐఆర్‌ఏ నుంచే వెళ్లాలి. తొందరలో సొంత బ్యాంకు ఖాతా నుంచి కట్టేయడం తరచూ జరిగే పొరపాటు. ప్రతి చెల్లింపుకూ ఫారం నింపాలి, అది కదలడానికి రోజులు పడుతుంది. క్లోజింగ్ (కొనుగోలు పూర్తయ్యే) తేదీని కాస్త దూరంగానే పెట్టించుకోండి.

అసలు కష్టం మనవాళ్లకు ఇంకోచోట ఉంది. మీరు, భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, మనవలు, కోడళ్లు, అల్లుళ్లు ఆ ఇంటిని ఏ రకంగానూ వాడకూడదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఖాళీగా ఉంది కదా అని అందులో దింపకూడదు. చదువుకునే కొడుకు పూర్తి అద్దె కట్టినా కుదరదు. మీ చేత్తో రంగు వేసినా, కుళాయి బిగించినా చిక్కే. అది నిషిద్ధ లావాదేవీగా తేలితే, ఆ ఏడాది జనవరి 1నే ఐఆర్‌ఏ మొత్తం తీసేసుకున్నట్టు లెక్కించి పన్ను వేస్తారు. 59½ ఏళ్లు నిండకపోతే దానిపైన 10 శాతం పెనాల్టీ. అందుకే మొదటి రోజు నుంచే ప్రాపర్టీ మేనేజర్‌ని పెట్టండి. అద్దె నేరుగా ఐఆర్‌ఏకే చేరాలి.

నగదు సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్, రిపేర్లు అన్నీ ఖాతాలోంచే కట్టాలి. టెక్సాస్‌లో వడగళ్లకు పైకప్పు పోతే, 3 లక్షల డాలర్ల బీమాకు 2 శాతం డిడక్టిబుల్ (బీమా ఇచ్చేముందు మనం భరించే భాగం) ఉన్నచోట 6 వేలు ఖాతా భరించాలి. 2026లో 50 ఏళ్లలోపు వాళ్లు అన్ని ఐఆర్‌ఏల్లో కలిపి కొత్తగా వేయగలిగేది 7,500 డాలర్లే. జేబులోంచి నేరుగా కట్టే వీల్లేదు. ఏడాది పన్ను, బీమాలతోపాటు ఒక రూఫ్‌కో ఏసీకో సరిపడా డబ్బు లేకుండా కొనొద్దని నా సలహా.

అప్పుతో కొంటే మీ పూచీ లేని నాన్ రికోర్స్ లోన్ మాత్రమే తీసుకోవాలి. డౌన్ పేమెంట్ ఎక్కువ అడుగుతారు. సగం అప్పుతో కొంటే అద్దె లాభంలో సగం మీద ఐఆర్‌ఏయే పన్ను కట్టాలి, ఫారం 990-టి వేయాలి. ఆ పన్నుకు ట్రస్టు శ్లాబులు వర్తిస్తాయి: 2025లో 15,650 డాలర్లు దాటగానే 37 శాతం. ఉద్యోగులు లేని సొంత వ్యాపారం ఉంటే సోలో 401(కె) చూడండి, స్థిరాస్తి అప్పుకు అక్కడ సాధారణంగా ఈ పన్ను ఉండదు.

వదులుకునేవి కూడా ఉన్నాయి. విడిగా కొన్న అద్దె ఇంటికి వచ్చే డిప్రిసియేషన్ (ఇంటి తరుగుదల కింద దొరికే పన్ను మినహాయింపు) మీ సొంత రిటర్న్‌లో చూపలేరు. ట్రెడిషనల్ ఐఆర్‌ఏ (పన్ను తర్వాతకు వాయిదా పడే రకం) అయితే లాభమంతా తీసుకునేటప్పుడు మామూలు ఆదాయంగానే పన్నుకు వస్తుంది. ఏటా ఇంటి విలువ కస్టోడియన్‌కు చెప్పాలి. ట్రెడిషనల్ ఐఆర్‌ఏలో 73 ఏళ్లకు, 1960లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు 75కి, తప్పనిసరి విత్‌డ్రాయల్స్ మొదలవుతాయి. వేరే ఐఆర్‌ఏలో డబ్బు లేకపోతే ఏటా ఇంట్లో కొంత వాటాను మీ పేరున రాయించుకోవాలి, ప్రతిసారీ అప్రైజల్ ఖర్చు. ఆ వయసుకు రెండు మూడేళ్ల ముందే అమ్మకానికి పెట్టడం మేలు.