శ్రీకాకుళం, విజయనగరం టికెట్ ఆశావహులకి హెచ్చరిక: "మాకు కన్సల్టెంట్లు లేరు" అన్న మాట నమ్మి సర్వేకి డబ్బు కట్టకండి

అన్నలూ, అక్కలూ, ముఖ్యంగా ఈసారి కార్పొరేటర్‌గానో కౌన్సిలర్‌గానో నిలబడదామని అనుకుంటున్నవాళ్లూ, దయచేసి ఇది ఆఖరిదాకా చదవండి. నిన్న సాయంత్రం జరిగింది. రాత్రంతా కన్ను మూతపడలేదు. కోపంలో రాస్తున్నాను, అక్షరం తప్పులుంటే సర్దుకోండి.

లక్షా ఎనభై వేలు పోయాయి. మా ఆవిడ గొలుసు బ్యాంకులో పెట్టి తెచ్చిన లక్షా పది, చీటీ పాడుకున్న డెబ్బై. డబ్బు పోవడం ఒక ఎత్తు. పదిహేనేళ్లు నేను జెండా మోసిన మనిషి నా మొహం మీదే "ఏ సర్వే? ఎవరు చెప్పారు నీకు?" అనడం ఒక ఎత్తు.

ఆ పెద్దాయన ఎవరో మా వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పేరు రాయను. పార్టీ పేరు కూడా రాయను. ఎందుకు రాయడం లేదో కిందకి వెళితే మీకే తెలుస్తుంది.

మా ఊరి సంగతి తెలిసిందే. 2021 మార్చిలో విజయనగరం కార్పొరేషన్‌కి ఓట్లు పడ్డాయి, మా శ్రీకాకుళానికి పడలేదు. ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నవాళ్లం కాబట్టి ఇక్కడ ఎన్నికల మాట వినబడితే చాలు, డివిజన్‌కి పదిమంది తయారవుతారు. ఆ పదిమందిలో మా ఆవిడ ఒకర్తె. డ్వాక్రా సంఘం లీడరు. పదేళ్లబట్టి ఇల్లిల్లూ తిరిగి పొదుపు పుస్తకాలు రాసింది, లోన్లు ఇప్పించింది. నాది ఏడు రోడ్ల జంక్షన్‌కి కొంచెం ఇవతల చిన్న ఎలక్ట్రికల్ షాపు. ఇంతే మా బలం.

రెండు నెలల కిందట కల్యాణ మండపంలో పార్టీ మీటింగు పెట్టారు. పెద్దాయన మైకు పట్టుకుని ఎన్నికల కన్సల్టెంట్ల గురించి, అంటే డబ్బు తీసుకుని నాయకులకి సర్వేలూ ప్రచారమూ నడిపేవాళ్ల గురించి, అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది: "నాకు కన్సల్టెంట్లు అక్కర్లేదు. ల్యాప్‌టాప్ చూసి జనాన్ని తెలుసుకునే ఖర్మ నాకు పట్టలేదు. నా జనం గుమ్మం నాకు తెలుసు." అక్కడ కాసేపు ఆగారు. హాలంతా చప్పట్లు. నేను ముందు వరసలో ఉన్నాను. నిజం చెప్తున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. మన మనిషి అంటే ఇలాగుండాలి అనుకున్నాను.

ఆ వారంలోనే ఆయన దగ్గర తిరిగే కుర్రాడు షాపుకి వచ్చాడు. "అన్నా, వదిన పేరు సర్వేలో రావాలి కదా, లేకపోతే బి-ఫారం, అదే పార్టీ టికెట్ కాగితం, కష్టం. ఈ సర్వే వాళ్లకీ పెద్దాయనకీ ఏ సంబంధమూ లేదు, బయటివాళ్లు, అందుకే ఉన్నదున్నట్టు రాస్తారు. ఖర్చు మాత్రం ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి" అన్నాడు. సంబంధం లేదన్న మాటే నన్ను పడగొట్టింది. కన్సల్టెంట్లంటేనే పడనాయన కదా, ఆయన మనుషులు కాకపోతే నిజాయితీగా చేస్తారు అని నమ్మేశాను. మా ఆవిడ మాత్రం వద్దంది. "మన వీధిలో నానెవరో సెప్పడానికి సర్వే ఏటండి?" అని అడిగింది. ఆ ఒక్క మాట విని ఉంటే ఈ రోజు ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు. నేనే పోరుపెట్టి గొలుసు తీయించాను. ఆ తప్పు నాది, ఎవరి మీదా తోయను.

డబ్బు చేతికిచ్చాను. రసీదు అడిగితే "ఇలాంటివాటికి రసీదులుండవన్నా" అన్నారు. మూడు వారాలకి రిపోర్టు వచ్చింది. నలభై ఆరు పేజీలు, నున్నటి కాగితం, రంగురంగుల గీతలు, బూత్‌ల వారీ పట్టికలు. మా ఆవిడకి 34.6 శాతం, రెండో స్థానం. ఇంకో డెబ్బై వేలు కడితే ఫోన్ కాల్స్ పెట్టి, వీడియోలు చేసి మొదటి స్థానానికి తెస్తామన్నారు.

ఆ డెబ్బై వేలు కట్టేముందు కూర్చుని రిపోర్టు మొత్తం చదివాను. అదొక్కటే నేను చేసిన మంచి పని. పద్నాలుగో పేజీలో ఉంది: "డివిజన్‌లోని జూట్ మిల్లు కార్మికుల కుటుంబాల్లో తీవ్ర అసంతృప్తి." మా డివిజన్‌లో జూట్ మిల్లు ఎక్కడిది? తాపీ పనివాళ్లు, చేపలమ్మేవాళ్లు, ఆర్టీసీలో చేసి రిటైరైనవాళ్లు, రూములు తీసుకున్న చదువుకునే పిల్లలు. నాగావళి పొంగిందంటే మా కాలవలు వెనక్కి తన్ని నీళ్లు వాకిట్లోకొస్తాయి, మా వాళ్ల గోల అంతా అదే. నలభై ఆరు పేజీల్లో కాలవ అన్న మాట లేదు, నాగావళి పేరు లేదు.

జూట్ మిల్లు అంటే విజయనగరం పక్కన నెల్లిమర్ల. అక్కడ మా తోడల్లుడున్నాడు. వాడు మాకు ఎదుటి పార్టీ. ఫోన్ చేసి, "ఏరా, మీ వైపు కూడా సర్వేలేమైనా జరిగాయా" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పద్నాలుగో పేజీ ఫొటో పంపించాడు. అదే వాక్యం, అదే గీత, అదే రంగు. వాళ్ల అన్నగారికి వచ్చిన శాతం 34.6. వాళ్లు కట్టింది తొంభై వేలు. అక్కడి నాయకుడు కూడా తనకి కన్సల్టెంట్లెవరూ లేరనే చెప్పాడట.

పార్టీ పేరు ఎందుకు రాయలేదో ఇప్పుడు అర్థమైందా? మా ఇద్దరి ఇళ్ల మీదా వేరు వేరు జెండాలు. మోసపోయింది ఒకేలా.

సరే, నిన్నటి సంగతి.

నాలుగింటికి పెద్దాయన ఇంటికి వెళ్లాను. హాల్లో జనం. గంటన్నర కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. ఉక్కగా ఉంది, మంచినీళ్లు తాగుదామని పక్క గది వైపు వెళ్లి తెర తొలగించాను. లోపల ఏసీ. టేబుల్ మీద రెండు ల్యాప్‌టాప్‌లు. కూర్చున్నది ఎవరనుకున్నారు? మా ఇంటికొచ్చి, మా ఆవిడ వండిన చేపల పులుసు తిని, రిపోర్టు చేతిలో పెట్టి వెళ్లిన సర్వే అబ్బాయి.

వాడి పక్కన కాగితాలున్నాయి. పెద్ద అక్షరాల్లో అచ్చేసినవి. పైనున్న కాగితంలో నాకు కనబడిన మొదటి వాక్యం: "నా జనం గుమ్మం నాకు తెలుసు." దాని పక్కన ఎర్ర పెన్నుతో "ఇక్కడ ఆగాలి" అని రాసుంది.

కన్సల్టెంట్లు అక్కర్లేదన్న ఆ మాటని రాసిచ్చింది కన్సల్టెంటే. ఎక్కడ ఆగితే మనం చప్పట్లు కొడతామో కూడా వాడే రాసిచ్చాడు. నేను కొట్టాను. నా కళ్లలో తిరిగిన నీళ్లు కూడా వాళ్ల లెక్కలో ఉన్నవే.

ఇంతలో పెద్దాయన వచ్చారు. "ఏం బాబూ, ఏటి కావాలి?" అన్నారు, చాలా నెమ్మదిగా. సర్వే డబ్బుల సంగతి చెప్పాను, నా రిపోర్టూ, తోడల్లుడు పంపిన పేజీ ఫొటో రెండూ చూపించాను. కాగితం ముట్టుకోలేదు. "నాకు కన్సల్టెంట్లు లేరని సభలోనే చెప్పాను కదా. నువ్వు ముందు వరసలోనే ఉన్నావు" అన్నారు. "మరి ఈ అబ్బాయి ఎవరండీ?" అన్నాను. ఆయన ఆ అబ్బాయి వైపు చూశారు, ఎప్పుడూ చూడనట్టు. "కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చాడు" అన్నారు. ఆ అబ్బాయి తలెత్తలేదు.

సరిగ్గా అప్పుడే వంటమనిషి టీలు తెచ్చింది. ఆమెకేం తెలుసు పాపం. "బాబూ, నీకు రోజూ లాగే పంచదార లేకుండా తెచ్చినాను" అని ఆ అబ్బాయి ముందు గ్లాసు పెట్టింది.

గదిలో ఎవరం మాట్లాడలేదు. పెద్దాయన మొహంలో సిగ్గు గానీ కోపం గానీ ఏమీ కనబడలేదు. నా భుజం మీద చెయ్యి వేశారు. "డబ్బు కట్టమని నేను చెప్పానా? నా నోటితో ఒక్కసారైనా అన్నానా?" అని అడిగారు. అనలేదు. నిజమే, ఆయన ఎప్పుడూ అనలేదు. అనకుండా ఉండడానికే మధ్యలో మనుషుల్ని పెట్టుకున్నారు. నేను నోట మాట రాక బయటికి వచ్చేశాను. అక్కడే గట్టిగా అడగాల్సింది, హాల్లో కూర్చున్న అందరికీ వినిపించాల్సింది. రాత్రంతా అదే బాధ.

ఒక్క మాట. కన్సల్టెంట్‌ని పెట్టుకోవడం తప్పని నేను అనడం లేదు. 2017 జూలైలో తమ పార్టీ ప్లీనరీలో జగన్మోహన్ రెడ్డి గారు ఎన్నికల వ్యూహకర్త ప్రశాంత్ కిశోర్‌ని వేదిక మీదకి పిలిచి అందరికీ పరిచయం చేశారు. మన ఇచ్ఛాపురంలో 2019 జనవరిలో జగన్ గారి పాదయాత్ర ముగిసేనాటికి వెనకాల ప్రశాంత్ కిశోర్ పెట్టిన సంస్థ ఐప్యాక్ ఉందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. 2024లో పోలింగ్ అయ్యాక విజయవాడలో వాళ్ల ఆఫీసుకి జగన్ గారే స్వయంగా వెళ్లారు, టీవీలో చూశాం. 151 సీట్లు వచ్చినప్పుడూ వాళ్లున్నారు, 11కి పడిపోయినప్పుడూ వాళ్లున్నారు, రెండూ దాచింది లేదు. అటు చంద్రబాబు నాయుడు గారు 2019లో అదే ప్రశాంత్ కిశోర్‌ని సభల్లో గట్టిగా తిట్టారు, 2023 డిసెంబరులో ఉండవల్లి ఇంట్లో ఆయన్నే కలిశారు. తిట్టిన మనిషిని కలవడం నాకు నచ్చలేదు గానీ, కలిసినట్టు ఊరంతా తెలిసింది. తెలుగుదేశానికి రాబిన్ శర్మ టీమ్ పనిచేసిందనీ పేపర్లలో చదివాం. "ఫలానా వ్యక్తి అభ్యర్థిగా కావాలంటే 1 నొక్కండి" అని మన ఫోన్లకే కాల్స్ వచ్చాయి.

పైనున్నవాళ్లే చెప్పుకుంటుంటే మన ఊరి నాయకుడికి దాచాల్సిన అవసరం ఏముంది? నాకు తోచింది చెప్తాను. శాసనసభకి పోటీ చేసేవాళ్ల ఖర్చు పరిమితి 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. పార్టీ పెట్టే ఖర్చుకి పరిమితి లేదు గానీ, అభ్యర్థి తన సొంతానికి పెట్టుకున్న మనిషికి నామినేషన్ రోజు నుంచి ఫలితం దాకా ఇచ్చే జీతం ఆ లెక్కలోకి రావాలి. మనిషే లేడంటే జీతమూ లేదు. రెండోది, ఆ జీతం మనలాంటి ఆశావహుల జేబులోంచి వస్తోంది. నా లక్షా ఎనభై వేలు సర్వేకి పోలేదు, ఆ గదిలో ఏసీకి, ఆ అబ్బాయి జీతానికి పోయాయని నా అనుమానం. మూడోది అన్నిటికన్నా పెద్దది. పేరు చెప్పి పెట్టుకున్న మనిషి తప్పు చేస్తే నాయకుడు జవాబు చెప్పాలి. పేరే లేని మనిషి తప్పు చేస్తే ఎవరిని అడుగుతాం? మా వీధిలో ఒక్క ఇంటి తలుపూ కొట్టలేదు ఆ సర్వేవాళ్లు. నేను ఇవాళ పొద్దున్న నలభై ఇళ్లు తిరిగి అడిగాను. "మమ్మల్ని ఎవరూ అడగలేదు బావూ" అనే అన్నారు అందరూ.

మధ్యాహ్నం పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. మోసం కేసు: ఒకప్పటి ఐపీసీ 420, ఇప్పుడు కొత్త నేర చట్టం బీఎన్ఎస్‌లో 318. రసీదు లేదు కదా అని వాళ్లూ పెదవి విరిచారు గానీ తీసుకున్నారు. నా రిపోర్టూ, తోడల్లుడు పంపిన పేజీ ఫొటో రెండూ జత చేశాను.

మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున్నే లేచి సంఘం మీటింగుకి వెళ్లిపోయింది, మెడలో పసుపుతాడుతో. తిట్టినా బాగుండేది.

మీలో ఎవరైనా డబ్బు కట్టే ముందుంటే: చేతికివ్వకండి, బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి. ఈ సర్వే ఎవరి తరఫున చేస్తున్నారో కాగితం మీద రాసిమ్మనండి, రాయనంటే వెనక్కి వచ్చేయండి. ఎవరెవరిని అడిగారో ఆ అసలు ఫారాలు చూపించమనండి, అందులో పది ఇళ్లకి మీరే వెళ్లి కనుక్కోండి. నాయకుడు "నాకు కన్సల్టెంట్లు లేరు" అంటే అక్కడికక్కడే, అందరి ముందూ, "అయితే మా దగ్గర సర్వేకి డబ్బు అడుగుతున్నవాళ్లు ఎవరండీ?" అని అడగండి. నేను అడగలేకపోయాను.

ఇప్పటికే కట్టేసినవాళ్లు మీ రిపోర్టులో పద్నాలుగో పేజీ తీసి చూడండి. జూట్ మిల్లు అని ఉంటే ఆ పేజీ ఫొటో కింద కామెంట్లో పెట్టండి, మీ పేర్లు అక్కర్లేదు. ఊరు, కట్టిన మొత్తం రాస్తే చాలు. పాలకొండ, రాజాం, బొబ్బిలి, ఆమదాలవలస, పలాస, ఎక్కడివాళ్లైనా సరే. సోమవారం మళ్లీ స్టేషన్‌కి వెళ్తున్నాను, వచ్చినన్ని ప్రింట్ తీసి పట్టుకెళ్తాను.