కృష్ణానగర్ గదిలోనా, సొంతూళ్లో షార్ట్ ఫిల్మ్‌లతోనా?

నటన పిచ్చి పట్టినవాళ్లు ముందుగా దిగేది హైదరాబాద్ కృష్ణానగర్‌లోనే. అన్నపూర్ణ స్టూడియో, ఫిల్మ్‌నగర్ రెండూ దగ్గరే. ఆడిషన్ అని ఫోన్ వస్తే అరగంటలో అక్కడుంటాం. నేనూ ఒక గదిలో నలుగురితో సర్దుకున్నవాణ్నే. ఫోటోలిస్తే "చెప్తాం తమ్ముడూ" అంటారు, ఆ చెప్పడం ఉండదు. ఖర్చులకని జూనియర్ ఆర్టిస్టుగా వెళ్తే తెల్లారకముందే బస్సెక్కాలి, రోజంతా గుంపులో వెనక నిలబడాలి. వచ్చే డబ్బుల్లో ఏజెంటు కమీషన్ పోతుంది. పైగా గుంపులో చూసిన మొహానికి డైలాగ్ ఇవ్వడానికి వెనకాడతారు. అసలు దెబ్బ ఇదే. అద్దె టెన్షన్ సరేసరి.

ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు షార్ట్ ఫిల్మ్ తీస్తే తిండికి లోటుండదు, మన నటన చూపించడానికి ఒక లింకైనా ఉంటుంది. సుహాస్ షార్ట్ ఫిల్మ్‌ల నుంచే వచ్చి 2020లో 'కలర్ ఫోటో'తో హీరో అయ్యాడు. కానీ వ్యూస్ రెండొందల దగ్గర ఆగిపోతాయి, అందులో సగం చుట్టాలవే. రేపు ఉదయం ఆడిషన్ అంటే సెలవు దొరకదు.

నన్నడిగితే, చేతిలో నాలుగు మంచి వీడియోలు, ఆర్నెల్ల అద్దె ఉన్నాకే కృష్ణానగర్ బస్సెక్కండి. నేను రెండూ లేకుండానే ఎక్కాను.