మిక్స్ బస్ కంప్రెసర్: హార్డ్‌వేర్ మేలా, ప్లగిన్ మేలా?

మిక్స్ బస్ అంటే పాటలోని ట్రాక్‌లన్నీ కలిసి చేరే చివరి స్టీరియో దారి, కంప్రెసర్ అంటే పెద్ద శబ్దాలను కాస్త నొక్కి పాటను సమం చేసే సాధనం. దాన్ని విడి పెట్టెగా (హార్డ్‌వేర్) కొనాలా, కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌గా (ప్లగిన్) వాడాలా? ఇంట్లో నాలుగైదు పాటలు మిక్స్ చేశాక చాలామందికి వచ్చే సందేహం ఇది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కంప్యూటర్‌లోకి, బయటికి శబ్దాన్ని చేర్చే ఆడియో ఇంటర్‌ఫేస్‌కి రెండే లైన్ అవుట్‌పుట్లు ఉంటే ప్లగిన్‌తోనే పని చేయండి. నాలుగు ఉండి, మానిటర్లు (మిక్స్ వినే స్పీకర్లు) బాగుండి, గదిలో బేస్ ప్రతిధ్వనిని కాస్తయినా అదుపు చేసుకున్నాకే హార్డ్‌వేర్ గురించి ఆలోచించాలి. గది సరిగ్గా లేకపోతే కంప్రెసర్ చేసే ఒకటి రెండు డీబీల (డెసిబెళ్ల) మార్పు మీ చెవికి చేరదు. ఆ డబ్బు శబ్దాన్ని పీల్చుకునే రాక్‌వూల్ ప్యానెళ్ల మీద పెడితే ప్రతి పాటకూ ఉపయోగపడుతుంది.

రెండింటిలోనూ ఎక్కువమంది వెతికేది ఒకే రకం శబ్దం. 1980ల్లో పెద్ద స్టూడియోల్లో పేరు తెచ్చుకున్న ఎస్ఎస్ఎల్ 4000 కన్సోల్ (పెద్ద మిక్సింగ్ బల్ల) మధ్య సెక్షన్‌లో ఉండే వీసీఏ (వోల్టేజ్‌తో శబ్దాన్ని హెచ్చుతగ్గించే సర్క్యూట్) కంప్రెసర్ శబ్దం అది. దాని స్విచ్‌లు మెట్లుమెట్లుగా ఉంటాయి. రేషియో, అంటే ఎంత గట్టిగా నొక్కాలో, 2:1, 4:1, 10:1. అటాక్, అంటే నొక్కడం ఎంత త్వరగా మొదలవ్వాలో, 0.1 మిల్లీసెకను నుంచి 30 దాకా. రిలీజ్, అంటే ఎంత త్వరగా వదలాలో, 0.1 సెకను నుంచి 1.2 దాకా, ఆ తర్వాత ఆటో. మిక్స్ మొత్తం మీద వాడేటప్పుడు నేను మొదట పెట్టేది 2:1 లేదా 4:1, అటాక్ 30, రిలీజ్ ఆటో. ఎంత నొక్కుతోందో చూపే సూది ఒకటి నుంచి రెండు డీబీల వరకు కదిలితే చాలు. డప్పు, తీన్‌మార్ ఉన్న పాటల్లో అటాక్ 1 దగ్గర పెడితే పుల్ల తగిలే ఆ మొదటి చప్పుడు చచ్చిపోతుంది. దెబ్బ దాటాక పట్టుకునేలా 10 లేదా 30 దగ్గర ఉంచితే దెబ్బ నిలుస్తుంది, దాని వెనక ఉన్న పాట ఒక్క ముద్దగా కుదురుతుంది. కిక్ డ్రమ్ కొట్టినప్పుడల్లా గొంతు మునిగి తేలుతోందంటే సైడ్‌చెయిన్‌లో (ఎప్పుడు నొక్కాలో కంప్రెసర్‌కి చెప్పే దారిలో) 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (కింది బేస్‌ను ఆపే ఫిల్టర్) పెట్టండి. అప్పుడు కంప్రెసర్ బేస్‌ను చూసి తొందరపడదు. పాత ఎస్ఎస్ఎల్ కన్సోల్‌లో ఈ ఫిల్టర్ లేదు కానీ ఇప్పటి హార్డ్‌వేర్ పెట్టెల్లో, ప్లగిన్లలో తరచూ కనిపిస్తుంది. కొనేముందు ఇది ఉందో లేదో తప్పక చూసుకోండి.

మరి వినడానికి తేడా ఎంత? ఉంది, కానీ జనం చెప్పుకునేంత లేదు. హార్డ్‌వేర్‌లో ట్రాన్స్‌ఫార్మర్లు, వీసీఏలు కాస్త డిస్టార్షన్ కలుపుతాయి. నాలుగు డీబీలు దాటి నొక్కినప్పుడు దానివల్ల వచ్చే నునుపు బాగా తెలుస్తుంది. ఒకటి రెండు డీబీల దగ్గర మాత్రం సైటోమిక్ వాళ్ల ద గ్లూ, వేవ్స్ తెచ్చిన ఎస్ఎస్ఎల్ ప్లగిన్ లాంటివి చాలా దగ్గరగా వస్తాయి. ఉచితం కావాలంటే అనలాగ్ అబ్సెషన్ వాళ్ల బస్టర్ ఉంది, దాన్ని తక్కువ అంచనా వేయకండి. పోల్చేటప్పుడు మేకప్ గెయిన్‌తో (నొక్కాక తగ్గిన శబ్దాన్ని తిరిగి పెంచే నాబ్‌తో) రెండింటి శబ్దాన్నీ సమానం చేయాలి. అర డీబీ పెద్దగా వినిపించినదే మంచిదని చెవి తేల్చేస్తుంది. హార్డ్‌వేర్ మీద మోజు చాలామందికి ఇక్కడే మొదలవుతుంది.

ప్లగిన్ కలపడం సులువు, కానీ ఒక చిక్కు ఉంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ప్రో టూల్స్‌లో మాస్టర్ ఫేడర్ మీది ఇన్సర్ట్‌లు (అక్కడ తగిలించే ప్లగిన్లు) ఫేడర్ తర్వాత వస్తాయి, మరో సాఫ్ట్‌వేర్ రీపర్‌లో ఫేడర్‌కి ముందు. ప్రో టూల్స్‌లో మాస్టర్ ఫేడర్‌తో చివర ఫేడ్ ఇస్తే త్రెషోల్డ్‌కి (నొక్కడం మొదలయ్యే గీతకి) వెళ్లే లెవెల్ తగ్గి, కంప్రెషన్ కూడా తగ్గుతూ పోతుంది. ట్రాక్‌లన్నీ ఒక స్టీరియో బస్‌లోకి పంపి, కంప్రెసర్ అక్కడ పెట్టి, లిమిటర్‌ను (శబ్దం పైహద్దు దాటకుండా ఆపేదాన్ని) దాని తర్వాత ఉంచి, ఫేడ్ మాస్టర్ మీద ఇస్తే ఈ ఇబ్బంది ఉండదు.

హార్డ్‌వేర్‌కి కావలసింది మాత్రం ఎక్కువే. ఇంటర్‌ఫేస్‌లో 1, 2 అవుట్‌పుట్లు స్పీకర్లకి పోతే, 3, 4 నుంచి కంప్రెసర్‌కి వెళ్లాలి, తిరిగి రెండు లైన్ ఇన్‌పుట్లలోకి రావాలి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 ఇంటర్‌ఫేస్‌లో రెండే లైన్ అవుట్‌పుట్లు, అందుకే పని జరగదు. 4ఐ4లో నాలుగు అవుట్‌పుట్లతో పాటు వెనక లైన్ ఇన్‌పుట్లు కూడా ఉన్నాయి. కేబుళ్లు బ్యాలెన్స్‌డ్‌వే వాడండి, అంటే టీఆర్‌ఎస్ లేదా ఎక్స్‌ఎల్‌ఆర్. మామూలు గిటార్ కేబుల్ పెడితే హమ్ కాచుకుని కూర్చుంటుంది.

కలిపాక మొదటి పని లెవెల్. డిజిటల్ మీటర్‌లో మైనస్ 18 డీబీఎఫ్‌ఎస్ దగ్గర 1 కిలోహెర్ట్జ్ టోన్ పంపి, కంప్రెసర్ బైపాస్‌లో (నొక్కకుండా) ఉండగా తిరిగి వచ్చే లెవెల్ అంతే ఉండేలా రిటర్న్ గెయిన్ సరిచేయాలి. పంపే లెవెల్ మరీ తక్కువైతే త్రెషోల్డ్ ఎంత దించినా సూది కదలదు. రెండోది, శబ్దం పెట్టెలోకి వెళ్లి తిరిగి వచ్చే ఆలస్యం. రీపర్‌లో రీఇన్సర్ట్, లాజిక్ సాఫ్ట్‌వేర్‌లో ఐ/ఓ ప్లగిన్ పింగ్ (చిన్న శబ్దం) పంపి ఆలస్యాన్ని కొలుస్తాయి. మిక్స్ మొత్తం పెట్టెలోంచే పోతే ఆలస్యం వల్ల నష్టం లేదు. అసలు మిక్స్‌ను కూడా పక్కన కలిపి సమాంతరంగా వాడితేనే, సరిచేయకపోతే శబ్దం బోలుగా అయిపోతుంది. మూడోది, ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ (లోపలికి వచ్చే శబ్దాన్ని నేరుగా అవుట్‌పుట్లకి పంపేది) ఆపేయండి. తిరిగి వచ్చే శబ్దం మళ్లీ 3, 4లోకే పోతే ఫీడ్‌బ్యాక్ మొదలై స్పీకర్లకే ముప్పు.

మన ఇళ్లలో ఇంకో సంగతి కరెంటు. ఎర్తింగ్ లేని సాకెట్, పక్క గదిలో ఇన్వర్టర్ ఉంటే 50 హెర్ట్జ్ హమ్, దాని రెట్టింపు పౌనఃపున్యాలు రావచ్చు. హమ్ పోతుందని మూడో పిన్ను తీసేయకండి, అది ప్రాణాల మీదికి తెస్తుంది. పెట్టె, ఇంటర్‌ఫేస్, కంప్యూటర్ ఒకే ఎర్త్ ఉన్న బోర్డు మీద పెట్టండి. అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకుంటే 230 వోల్టుల సెట్టింగ్ చూడకుండా ప్లగ్ పెట్టకండి.

పని తీరులో కూడా తేడా ఉంది. హార్డ్‌వేర్‌లో ఐదు నిమిషాల పాటకు ఐదు నిమిషాలు బౌన్స్ (పాటను ఫైల్‌గా తీయడం), నిర్మాత "గొంతు కొంచెం పెంచండి అన్నా" అంటే మళ్లీ ఐదు నిమిషాలు. ప్లగిన్‌లో సెకన్లలో అయిపోతుంది. మళ్లీ తీసేటప్పుడు పాత సెట్టింగ్‌లు అచ్చంగా తిరిగి పెట్టుకోగలగాలి, అందుకే కొనదలిస్తే మెట్ల స్విచ్‌లు ఉన్న రెండు ఛానళ్ల వీసీఏ పెట్టే తీసుకోండి. వార్మ్ ఆడియో వాళ్ల బస్ కాంప్ ఒక దారి, 500 సిరీస్ రాక్ (చిన్న మాడ్యూళ్లు బిగించే పెట్టె) ఇప్పటికే ఉన్నవాళ్లకు ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ ఇంకో దారి. ట్యూబ్‌తో నడిచే మాన్లీ వేరియబుల్ మ్యూ అందంగా ఉంటుంది, నెమ్మదిగా సాగే కీర్తనలకు, మెలోడీలకు బాగా నప్పుతుంది. కానీ డప్పు పాటలే ఎక్కువగా చేసేవాళ్లకు దానికంటే వీసీఏనే మేలు, ట్యూబ్‌ల వేడి, మార్పిడి ఖర్చు కూడా ఉండవు.

డబ్బు పెట్టేముందు ఏదో ఒక ప్లగిన్‌ను మిక్స్ మొదట్లోనే వేసి, దాని మీదే ఫేడర్లు నడుపుతూ కొన్ని పాటలు పూర్తి చేయండి. చివర్లో తగిలించే అలవాటు పోతుంది, మీ పాటలకు ఏ అటాక్, ఏ రిలీజ్ నప్పుతాయో తెలుస్తుంది. అవి తెలిశాక షాపులో పెట్టె ముందు నిలబడితే ఏది అడగాలో మీకు ఖాయంగా తెలిసి ఉంటుంది.