గునపం దిగినా తెగని ఆర్మర్డ్ కేబుల్

మాది చెన్నై మడిపాక్కం. మీటరు వీధి వైపు ఉంటుంది, అద్దెకిచ్చిన చిన్న పోర్షన్ పెరట్లో ఉంటుంది. ఆ పోర్షన్ డీబీకి (కరెంటు పంచే బోర్డుకు) మెయిన్ బోర్డు నుంచి 2018లో రెండు కోర్ల (లోపల కరెంటు మోసే రెండు వైర్లున్న), 10 చదరపు మి.మీ. రాగి ఆర్మర్డ్ కేబుల్‌ను భూమిలో వేయించాను. ధరలు, లోడు లెక్కలు దుకాణంలో ఎవరైనా చెబుతారు, వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నదల్లా తొడుగు కింద చుట్టూ పేర్చిన ఉక్కు తీగల గురించే. వాటికి నేను రుణపడి ఉన్నాను.

తమిళనాడులో 2003 నుంచి ఇళ్లకు వాననీటి సేకరణ తప్పనిసరి కదా. పూడిపోయిన మా ఇంకుడు గుంతను బాగు చేయించడానికి కూలీలను పిలిచాం. కేబుల్ రెండున్నర అడుగుల లోతున ఇసుకలో ఉంది, పైన ఇటుకలు పరిచి ఉన్నాయి. అయితే పోర్షన్ గోడ పక్కన అది పైకి లేచే చోట ఇటుకలు ఉండవు. సరిగ్గా అక్కడే గునపం దిగి ఖంగుమంది. దాన్ని పట్టుకున్న కుర్రాడు తడి మట్టిలో ఒట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు.

మెయిన్ ఆపేసి మట్టి తీసి చూశాం. నల్లటి పైతొడుగు బొటనవేలంత మేర చీలిపోయింది. కింద రెండు ఉక్కు తీగలు నొక్కుకుపోయి, దెబ్బ తగిలిన చోట తళతళలాడుతున్నాయి. లోపలి తొడుగు మీద గీత కూడా పడలేదు. పీవీసీ పైపులో లాగిన మామూలు వైర్లయితే ఆ మొన ఎక్కడ ఆగేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఒకవేళ లోపలికి దిగినా, ఎర్త్‌కు కలిపిన ఆ తీగలకు ఫేజు తగిలి ఎంసీబీ (కరెంటును తనంతట తానే ఆపే స్విచ్) పడిపోయేది. దెబ్బను ఆపడంతో పాటు ఆ తీగలు చేసే రెండో పని అదే.

చీలిక మీద నీరు చొరని టేపు గట్టిగా చుట్టించాం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు పెరడంతా నీట మునిగింది, అతుకు కూడా నీళ్లలోనే ఉంది. నీరు తీశాక మా ఎలక్ట్రీషియన్ మెగ్గర్ (ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) పెట్టి, కోర్ల మధ్యా, ఒక్కో కోరుకూ ఉక్కు తీగలకూ మధ్యా చూసి, ఇన్సులేషన్‌కు ఏమీ కాలేదని చెప్పాకే మెయిన్ వేశాడు.

అయినా కేబుల్ వేయించగానే నిశ్చింతగా ఉండవచ్చని మాత్రం అనలేను. ఆ పరీక్ష చేసేటప్పుడే పోర్షన్ బోర్డు కింద గ్లాండ్ (కేబుల్ కొసను బోర్డుకు పట్టి ఉంచే బిగింపు) చేతికి వదులుగా ఊగింది. విప్పితే ఇత్తడి బాగానే ఉంది కానీ, దాని లోపల బిగించిన తీగల కొసలు తుప్పు పట్టి పొడిగా రాలాయి. అది రబ్బరు సీలు లేని సాదా గ్లాండ్. బయటి గోడకు ఉన్న బోర్డు, పైగా సముద్రపు గాలి, ఏటా ఈశాన్య రుతుపవనాల జల్లు. ఆ చివర తీగలకూ ఎర్త్‌కూ సంబంధం దాదాపు తెగిపోయింది. పక్కనే విడిగా రాగి ఎర్త్ వైరు వేయాల్సిందేనని మొదట్లో ఎలక్ట్రీషియన్ పట్టుబట్టాడు. అది ఉండబట్టి పోర్షన్‌లో ఉన్నవాళ్లకు ఎర్త్ లేకుండా పోలేదు. ఇప్పుడు పాడైన కొసను కోసేసి, రెండు చోట్ల బిగుసుకునే డబుల్ కంప్రెషన్ గ్లాండ్, దాని మీద తొడుగు పెట్టించాం. వానాకాలానికి ముందు ఒకసారి చేత్తో కదిపి చూస్తున్నాను.

మా ఇంట్లో పందికొక్కులున్నాయి, నీళ్లు నిలుస్తాయి, పెరట్లో ఏదో ఒక తవ్వకం ఉంటుంది. అందుకే నాకు ఆర్మర్డ్ కేబుల్ మీద ఇంత మమకారం. అపార్ట్‌మెంటు డక్టులో పైకి వెళ్లే లైనుకు నేనైతే పైపు, వైర్లే చాలంటాను. వాటిని లాగి మార్చుకోవచ్చు, దీన్ని మార్చాలంటే మళ్లీ తవ్వాలి. పోర్షన్‌కు రేపు త్రీ ఫేజ్ కావాలంటే ఈ రెండు కోర్లు సరిపోవు, నాలుగు కోర్లది కొత్తగా వేయాలి. అప్పుడు కూడా ఆర్మర్డ్‌దే వేయిస్తాను, గ్లాండ్లు మాత్రం నేనే చూసి కొంటాను.