చైనీస్ వేపుడు చికెన్ ఇంట్లో: కార్న్‌ఫ్లోరా, మైదానా?

పర్లాకిమిడిలో ఆదివారం కోడి తెచ్చామంటే మా పిల్లలకి కూర అక్కర్లేదు, బండి మీద దొరికే చైనీస్ చికెనే కావాలి. ఇంట్లో చేద్దామంటే మొదటి తర్జనభర్జన పిండి దగ్గరే.

కరకర: కార్న్‌ఫ్లోర్‌దే పైచేయి. దాంట్లో గ్లూటెన్ ఉండదు, నూనెలో పలచని పెంకులా బిగుస్తుంది. మైదా పూత బజ్జీలా ఉబ్బి, చల్లారేసరికి మెత్తబడుతుంది.

ఖర్చు: మైదా చవక. కార్న్‌ఫ్లోర్ కాస్త ఎక్కువే, కానీ అరకిలో ముక్కలకి ఐదారు చెంచాలు చాలు.

శ్రమ: మైదా జారులో ముంచి ఒక్కసారి వేపితే అయిపోతుంది. కార్న్‌ఫ్లోర్‌కి ఓపిక కావాలి. సోయా సాస్, మిరియాల పొడి, అల్లంవెల్లుల్లి, గుడ్డు తెల్లసొన పట్టించి అరగంట ఉంచండి. పొడి పిండిలో దొర్లించి 160 డిగ్రీల నూనెలో నాలుగు నిమిషాలు వేపండి. తీసి పది నిమిషాలు ఆరనిచ్చి, 185 దగ్గర మళ్లీ ఒక్క నిమిషం. ఆ విరామంలో లోపలి తేమ పైకొస్తుంది, రెండో వేపులో ఎగిరిపోతుంది. నన్నడిగితే అసలు రుచంతా ఈ రెండో వేపులోనే ఉంది.

జాగ్రత్త: మందపాటి మైదా పూత పైన ఎర్రబడినా లోపల ముక్క పచ్చిగా ఉండొచ్చు. పెద్ద ముక్కని చీల్చి చూడండి. లోపల 74 డిగ్రీలు చేరాలి. కార్న్‌ఫ్లోర్ ముక్కలు మూకుడు నిండా వేస్తే అతుక్కుపోతాయి.

సాస్‌లో దొర్లించి వేడివేడిగా తినాలంటే, అందులోనూ ముసురు పట్టిన రోజున, కార్న్‌ఫ్లోర్. చారన్నంలో నంజుకునే చంటివాళ్లకి మైదా మెత్తదనమే హాయి. పలాసలో రైలెక్కేవాళ్లకి డబ్బా కట్టాలా? మూడు వంతుల కార్న్‌ఫ్లోర్‌కి ఒక వంతు మైదా కలపండి, సాస్ విడిగా పెట్టండి.